నూటపదహారు మెట్ల కింద షాంపేన్

మీరు అడిగింది ఇదీ: పారిస్‌లో ఉంటున్నారు. ఏప్రిల్‌లో అత్తగారూ మామగారూ విజయనగరం నుంచి వస్తున్నారు. ఈఫిల్ టవర్, వెర్సాయ్ అయ్యాక ఒక రోజు షాంపేన్ సెల్లార్లు, అంటే ఆ బుడగల వైను నిలవచేసే నేలమాళిగలు, చూపిద్దామని మీవారి కోరిక. మామగారు చుక్క ముట్టరు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఒక్క రోజులో అయ్యే పనేనా, ఆ వైను చేసే ఊళ్ళలో రాన్స్‌కి వెళ్ళాలా ఎపెర్నేకి వెళ్ళాలా, ఏ హౌస్ (షాంపేన్ చేసే కంపెనీ) మంచిది, అసలు తాగనివాళ్ళకి అక్కడేం పని?

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. నేను పారిస్ వచ్చి పదహారేళ్ళయింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ మూడో రోజుకల్లా "ఇంకేముందిరా చూడ్డానికి?" అంటారు. అలా నేను షాంపేన్ వైపు మనుషుల్ని తీసుకెళ్ళడం పది సార్లు దాటింది. నేను గమనించిందేమిటంటే, తాగేవాళ్ళు గైడు మాట్లాడుతున్నంతసేపూ గ్లాసు ఎప్పుడొస్తుందా అని చూస్తారు. తాగనివాళ్ళు గోడలు చూస్తారు. అక్కడ చూడాల్సింది గోడలే. షాంపేన్ ఒక సీసా కావాలంటే మీ వీధి చివర సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, దానికోసం రైలెక్కక్కర్లేదు.

కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను. వెళ్ళండి. ఒకే ఒక్క హౌస్ చూడండి. లేబుల్ మీద పేరు చూసి కాదు, కింద ఏముందో చూసి ఎంచుకోండి. రోజుకి మూడు హౌసులు పెట్టుకున్నవాళ్ళని చూశాను. మూడో చోట గైడు మళ్ళీ "ద్రాక్షలు మూడు రకాలు" అని మొదలెట్టగానే వాళ్ళ మొహాలు చూడాలి. కథ అన్ని చోట్లా ఒకటే. కిందున్న చోటు మాత్రం వేరు.

మన దగ్గర సెల్లార్ అంటే అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టుకునే చోటు. ఆ ఊహతో వస్తే రాన్స్‌లో కంగారు పడతారు. ఆ ఊరి కిందంతా సుద్దరాయి. మనం పలక మీద రాసుకున్న సుద్దముక్క ఉంటుందే, ఆ తెలుపు, ఆ మెత్తదనం. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు దురోకొర్తోరుమ్. అప్పటి నుంచీ కట్టడాలకి ఈ రాయినే తవ్వి తీశారు. పైన నేల పాడవకుండా చిన్న కన్నం పెట్టి, దిగేకొద్దీ వెడల్పు చేసుకుంటూ పోయారు. పైన సన్నగా, అడుగున విశాలంగా, గుడి గోపురాన్ని లోపల్నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి ఆ గోతులు. 30 మీటర్ల లోతున్నవి మామూలు. వీటిని క్రెయేర్లు అంటారు. రాయి తవ్వడం ఆగిపోయిన ఎన్నో వందల ఏళ్ళకి షాంపేన్ వ్యాపారులకి ఇవి కంటబడ్డాయి. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల 10 నుంచి 12 డిగ్రీలే. గాలిలో తేమ. వెలుతురు లేదు. పైన బండి పోతే కింద అదురు తెలియదు. సీసాలు ఏళ్ళ తరబడి కదలకుండా పడుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

రాన్స్‌లో సెయింట్ నికేజ్ గుట్ట మీద ఈ క్రెయేర్లున్న హౌసులు పక్కపక్కనే ఉన్నాయి: పొమ్మెరీ, రుయినార్, తెతాంజే, వవ్ క్లికో. రుయినార్ 1729లో పెట్టింది, షాంపేన్ హౌసులన్నిటిలోకీ పాతది. వాళ్ళ క్రెయేర్లు లోతైనవి, టికెట్టు కూడా అంతే లోతుగా తగులుతుంది. తెతాంజే వాళ్ళ కింద 13వ శతాబ్దపు సెయింట్ నికేజ్ మఠం తాలూకు నేలమాళిగలు మిగిలున్నాయి. రాన్స్ గుట్ట, ఎపెర్నేలో షాంపేన్ వీధి, చుట్టుపక్కల ద్రాక్షతోటల కొండవాలులు కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. బెలూం గుహలు చూసినవాళ్ళు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. అక్కడ లోపలికెళ్తే ఉక్కపోత, ఇక్కడ లోపలికెళ్తే చలి. జూలైలో పైన ముప్పై అయిదు డిగ్రీలున్న రోజున చొక్కాతో దిగి, పావుగంటకే పళ్ళు టకటకలాడించిన మా బావమరిది సాక్షి.

నాకిష్టమైంది పొమ్మెరీ. కారణం దిగడం. పెద్ద హాలు దాటి తలుపు తీస్తే ఎదురుగా తిన్నగా కిందికి పోయే మెట్లు. ఒకే వరస, 116 మెట్లు. ఆ అంకె వినగానే మా పెద్దమ్మ నవ్వేసింది. "నూటపదహార్లా! ఎవరికిరా చదివింపులు?" అని గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. పదో మెట్టు దగ్గర చల్లగాలి కాళ్ళకి తగిలింది, యాభయ్యో మెట్టు దగ్గర మొహానికి తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు ఒక చిన్న వెలుగు ముక్క. కిందికి వెళ్ళాక సొరంగాలు, మొత్తం 18 కిలోమీటర్లు. రోమన్ల గోతుల్ని కలుపుతూ 19వ శతాబ్దంలో తవ్వించారు. ఒక్కో సొరంగానికి ఒక్కో ఊరి పేరు. ఒక గోతి మధ్యలో నిలబడి పైకి చూస్తే ఎక్కడో పైన చదరంగా ఆకాశం. పెద్దమ్మ మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. "బావిలో కప్పకి ఆకాశం ఇంతే కదరా మరి" అంది. గైడుకి అనువాదం చేసి చెప్తే ఆ అమ్మాయి పగలబడి నవ్వింది.

గోడ మీద చెయ్యి పెట్టి చూడమనండి మామగారిని. తడిగా, చల్లగా ఉంటుంది. చెయ్యి తీస్తే అరచెయ్యి తెల్లగా, ముగ్గుపిండిలో ముంచినట్టు. గోళ్ళతో గీస్తే గీత పడుతుంది, కానీ గియ్యకండి, మంచి పద్ధతి కాదు. అంత మెత్తటి రాయి కాబట్టే 1880ల్లో గుస్తావ్ నావ్లే అనే శిల్పి గోడల మీదే పెద్ద పెద్ద బొమ్మలు చెక్కాడు, సూర్యుడు లేని చోట, దీపాల వెలుతురులో.

ఇప్పుడు గైడు చెప్పే కథ. ముందే తెలిసుంటే వినడానికి బాగుంటుంది, మామగారికి తెలుగులో చెప్పడానికీ పనికొస్తుంది.

ద్రాక్ష ముఖ్యంగా మూడు రకాలు: పినో న్వార్, మునియే, షార్దొనే. మొదటి రెండూ నల్ల ద్రాక్షలే. తోలు రంగు దిగకుండా మెల్లగా పిండుతారు కాబట్టి రసం తెల్లగా వస్తుంది. కోత అంతా చేత్తోనే కోయాలి, యంత్రాలు పనికిరావు, అది అక్కడ నిబంధన. 4000 కిలోల పళ్ళు పిండితే మొదటగా వచ్చే 2050 లీటర్ల రసమే మేలైంది, తర్వాత వచ్చే 500 లీటర్లు రెండో రకం. ఆపైన ఇంకా పిండినా దాన్ని షాంపేన్ అనకూడదు. చెరుకు మిషను దగ్గర పిప్పిని నాలుగోసారి తిప్పే మన బండివాడికి ఇది చెప్తే ఒప్పుకోడు.

ఆ రసం పులిశాక మామూలు వైనే, బుడగలుండవు. రకరకాల తోటల వైన్లు, పాత ఏళ్ళవి కూడా కలిపి ఒక రుచికి తెస్తారు. ఆ తర్వాతే అసలు పని. సీసాల్లో నింపేటప్పుడు లీటరుకి సుమారు 24 గ్రాముల పంచదార, కాస్త ఈస్టు వేసి మూత బిగిస్తారు. సీసాలోనే రెండోసారి పులుస్తుంది. కల్లు కుండ అయితే నురగ పైకి పొంగి పోతుంది, మూత లేదు కాబట్టి. ఇక్కడ గ్యాసుకి పోయే దారి లేదు. వైన్లోనే కరిగి కూర్చుంటుంది. లోపల ఒత్తిడి 6 బార్లదాకా, అంటే కారు టైరులో కొట్టించే గాలికి రెండున్నర రెట్లు. అందుకే షాంపేన్ సీసా అంత దళసరి. ఖాళీ సీసానే 835 గ్రాములు తూగుతుంది. ఈ బరువు సంగతి చివర్లో మళ్ళీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పాత రోజుల్లో గాజు ఇంత గట్టిది కాదు, పంచదార ఎంత వెయ్యాలో లెక్కా తెలియదు. ఒక సీసా పేలితే పక్కది, దాని పక్కది, అలా వరసే పోయేది. కిందికి దిగే పనివాళ్ళు మొహానికి ఇనప తొడుగులు పెట్టుకునేవారు. కొన్ని హౌసుల్లో ఆ తొడుగులు ఇప్పటికీ గోడకి తగిలించి ఉంటాయి, అడిగి చూడండి.

పులిసిన తర్వాత చచ్చిన ఈస్టు మడ్డిలా అడుగున పడుతుంది. ఆ మడ్డి మీదే సీసా పడుకోవాలి. మామూలు రకం సెల్లార్లో ఉండాల్సింది మొత్తం కనీసం 15 నెలలు, అందులో 12 మడ్డి మీద; ఒకే ఏడాది పంటతో చేసిన దానికి మూడేళ్ళు. పెద్ద హౌసులు చాలావరకు అంతకంటే ఎక్కువే ఉంచుతాయి. షాంపేన్‌లో రొట్టె వాసన, వేయించిన గింజల వాసన అంటారే, అది ఆ మడ్డి పుణ్యమే.

మరి మడ్డి తియ్యడం ఎలా? మూత తీస్తే గ్యాసు పోతుంది, వడకడితే బుడగలు పోతాయి. ఇక్కడ ఒక ఆవిడ కథలోకి వస్తుంది. బార్బ్ నికోల్ పోన్సార్దాఁ, 1805లో భర్త పోయేటప్పటికి ఆమెకి 27 ఏళ్ళు. భర్త ఇంటిపేరు క్లికో. వవ్ అంటే ఫ్రెంచిలో వితంతువు. పసుపుపచ్చ లేబుల్ మీద మీరు చూసే వవ్ క్లికో అంటే అక్షరాలా క్లికో గారి వితంతువు. నెపోలియన్ చట్టం ప్రకారం పెళ్ళైన ఆడది మొగుడి అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యకూడదు. భర్త పోయినావిడకి ఆ అడ్డు లేదు. ఆవిడ హౌసు తన చేతిలోకి తీసుకుంది. 1816 ప్రాంతంలో బల్లకి వాలుగా కన్నాలు పెట్టించి, సీసాల్ని తలకిందులుగా గుచ్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి దింపే పద్ధతి ఆవిడ సెల్లార్లలోనే మొదలైంది. వంటింటి బల్లకే కన్నాలు పెట్టించిందని గైడులు చెబుతారు. వినడానికి బాగుంటుంది.

ఈ తిప్పడం మీ కళ్ళ ముందు ఎవరైనా చేసి చూపిస్తే దగ్గరికెళ్ళి చూడండి. రెండు చెక్క పలకలు తిరగేసిన వీ ఆకారంలో నిలబడి ఉంటాయి. ఒక్కో వైపు 60 కన్నాలు. ప్రతి సీసా అడుగునా తెల్ల రంగుతో ఒక గీత. పనిమంతుడు రెండు చేతులతో రెండు సీసాలు ఒకేసారి పట్టుకుని టక్‌మని చిన్న కుదుపు కుదిపి ఎనిమిదో వంతు తిప్పి వదిలేస్తాడు. గీత ఎక్కడుందో చూస్తే ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఒకాయన మాకోసం ఒక సీసా వెనక టార్చి పెట్టి చూపించాడు. గాజులోంచి మడ్డి పొగమంచులా కనిపించింది. కాస్త కదిపేసరికి లేచి, మళ్ళీ మెల్లగా మెడ వైపు జారింది. ఒక్క మనిషి రోజుకి 40 వేల సీసాలు తిప్పేవాడట. ఇప్పుడు చాలావరకు యంత్రాలే. 504 సీసాలున్న ఇనప బోను దానంతటదే తిరిగి, నెలన్నర రెండు నెలల పని వారంలో చేసేస్తుంది. గైడులు ఈ బోనుల దగ్గర కాస్త వేగంగా నడుస్తారు, ఫోటోకి బాగుండవు కదా. మీరు మాత్రం ఆగి అడగండి.

చివరికి మడ్డి చేరిన మెడని సున్నాకి 27 డిగ్రీల కింద ఉన్న ద్రవంలో ముంచుతారు. మడ్డి మంచుబిళ్ళ అయిపోతుంది. మూత తీస్తే లోపలి ఒత్తిడికి అదే తుపాకీ గుండులా బయటికి ఎగిరిపోతుంది. పోయిన చోటు నింపడానికి వైనూ పంచదారా కలిపిన కాస్త పాకం పోసి, బిరడా కొట్టి, తీగ బిగిస్తారు. ఆ పాకంలో పంచదార ఎంతన్నదే లేబుల్ మీద బ్రూట్ అనో దెమీ సెక్ అనో రాసేది. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు, దెమీ సెక్ అంటే 32 నుంచి 50.

19వ శతాబ్దంలో షాంపేన్ అంటే తియ్యటి పానకం. రష్యాకి వెళ్ళే సీసాల్లో లీటరుకి 200 గ్రాముల పైనే పంచదార ఉండేది. ఇంగ్లండు వాళ్ళకి తీపి లేనిది కావాలని పసిగట్టి 1874లో బ్రూట్ తెచ్చింది ఇంకో వితంతువు, మదామ్ పొమ్మెరీ. ఆ 116 మెట్లూ ఆవిడ కట్టించినవే. గైడు ఈ కథ చెప్తుంటే పెద్దమ్మ నా మోచెయ్యి గిల్లి, "ఆయన పోయేనాటికి పిల్లలెంతమందిట?" అని అడగమంది. ఇద్దరు, చిన్నది చంటిపిల్ల. ఆవిడకి అప్పటికి నలభై కూడా నిండలేదు. పెద్దనాన్న పోయాక ఎరువుల కొట్టు ఇరవై రెండేళ్ళు ఒక్క చేత్తో నడిపిన మనిషి మా పెద్దమ్మ. ఇంకేం అడగలేదు. పైకొచ్చాక హాల్లో ఉన్న మదామ్ పొమ్మెరీ బొమ్మ దగ్గర మాత్రం కాసేపు నిలబడింది.

యుద్ధం సంగతి గైడు చెప్పకపోతే అడగండి. మొదటి ప్రపంచ యుద్ధంలో రాన్స్ దాదాపు నాలుగేళ్ళు ఫిరంగుల కింద ఉంది. 1914 సెప్టెంబర్‌లో కెథడ్రల్‌కే నిప్పంటుకుంది. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఈ సెల్లార్లలోకి దిగి కాపురాలు పెట్టారు. కిందే పిల్లలకి బడులు నడిపారు. సుద్ద గోడలు కదా, నల్లబల్ల అక్కర్లేకపోయి ఉంటుంది అని మా అబ్బాయి జోకేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో 1945 మే 7న జర్మన్లు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ఆ గది ఇప్పుడు మ్యూజియం, స్టేషన్ వెనకాలే. మామగారికి చరిత్ర ఇష్టమైతే మీకు అరగంట దొరికినట్టే.

ఇక అత్తగారి మోకాళ్ళు. అసలు నిర్ణయం వాటిదే. 116 మెట్లు దిగడం ఒక ఎత్తు, మళ్ళీ ఎక్కాలి. ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లో లిఫ్టు చెడిపోయిన రోజు అనుకోండి. మధ్యలో కూర్చోడానికి కుర్చీ ఉండదు, నేల తడిగా ఉంటుంది. రెండంతస్తులు ఎక్కి ఆగి ఊపిరి తీసుకునే మనిషైతే పొమ్మెరీ వద్దు. మిగతా క్రెయేర్లలోనూ మెట్లు తప్పవు. లిఫ్టు వాడుకోనిస్తారా అని బుక్ చేసే ముందే మెయిల్ పెట్టి అడగండి.

ఆవిడకి కష్టమే అనిపిస్తే ఎపెర్నేలో మెర్సియే చూడండి. అక్కడ లిఫ్టులో దింపి చిన్న రైలుబండిలో తిప్పుతారు. క్రెయేర్లు కావు, సొరంగాలే, కానీ అవీ సుద్దలో తవ్వినవే. 1858లో ఈ హౌసు పెట్టిన యూజీన్ మెర్సియే పెద్ద ప్రచారాల మనిషి. 1889 పారిస్ ఎగ్జిబిషన్‌కి లక్షల సీసాల వైను పట్టే బ్రహ్మాండమైన చెక్క పీపా చేయించి, 24 ఎద్దులు కట్టి పారిస్‌దాకా లాగించాడు. దారిలో అడ్డొచ్చిన ఇళ్ళు కూడా కొని పడగొట్టించాడని చెబుతారు. ఆ పీపా ఇప్పటికీ హాల్లో ఉంది, లోపలికి అడుగు పెట్టగానే కనిపిస్తుంది. తిరణాలకి ఎడ్లబళ్ళు చూసిన మామగారికి ఇది బాగా నచ్చుతుంది. వెళ్ళే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో వాళ్ళ సైట్లో చూసుకోండి.

ఎపెర్నే చిన్న ఊరు. ఉన్నదల్లా షాంపేన్ వీధే. అటూ ఇటూ భవంతులు, వాటి కింద కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు. మొయె షాందోఁ ఒక్కదానివే 28 కిలోమీటర్లు. వాళ్ళ గుమ్మం ముందు దోఁ పెరిన్యోఁ విగ్రహం ఉంటుంది, అందరూ ఫోటో దిగుతారు. ఈయన ఓవిల్లే మఠంలో సామాన్ల పెత్తనం చూసిన సన్యాసి, 1668 నుంచి 1715లో పోయేదాకా. షాంపేన్ కనిపెట్టింది ఈయనేనని మీకు పదిమంది చెబుతారు. నిజానికి ఆ రోజుల్లో బుడగలంటే వైను చెడినట్టు లెక్క. ద్రాక్షలు కలపడంలో, పిండడంలో ఆయన నేర్పరి. ఇంగ్లండులో మెరెట్ అనే ఆయన వైన్లో పంచదార వేసి బుడగలు రప్పించడం గురించి 1662లోనే, అంటే ఈయన మఠం పని మొదలెట్టకముందే రాసిపెట్టాడు. ఈ మాట గైడుతో వాదించకండి. వాళ్ళకీ తెలుసు.

ప్రయాణం సులువు. పారిస్ గార్ దె లెస్ట్ నుంచి రాన్స్‌కి టీజీవీ అనే వేగం రైల్లో ముప్పావుగంట. ఎపెర్నేకి మామూలు రైల్లో గంటంపావు. టికెట్ మీద ఉన్న స్పెల్లింగ్ చూసి రీమ్స్ అంటే ఎవరికీ అర్థం కాదు, రాన్స్ అని ముక్కుతో అనాలి. ఊరి బయట షాంపేన్ ఆర్దెన్ అని ఇంకో టీజీవీ స్టేషన్ ఉంది, పొరపాటున దానికి టికెట్ తీసుకోకండి. తీసుకుంటే ట్రామ్ ఎక్కి ఊళ్ళోకి రావాలి. కారు వద్దు. తాగి నడపడం సంగతి అలా ఉంచి, నడిపేవాళ్ళు రోజంతా మొహం మాడ్చుకుని కూర్చుంటారు.

రాన్స్‌లో నా పద్ధతి చెప్తాను. తొమ్మిదింటి రైలు. స్టేషన్ నుంచి కెథడ్రల్ పావుగంట నడక, అత్తగారితో అయితే ట్రామ్. ఫ్రాన్సు రాజులకి పట్టాభిషేకాలు జరిగిన గుడి అది. గుమ్మం దగ్గర నవ్వే దేవదూత విగ్రహం, గర్భగుడి వెనక 1974లో షగాల్ అనే చిత్రకారుడు చేసిన నీలి అద్దాలు. తర్వాత భోజనం, పన్నెండున్నరకల్లా కూర్చోండి. రెండు దాటితే వంటగది మూసేస్తారు, ఎంత బతిమాలినా లాభం లేదు. శాకాహారం అంటే సలాడ్ ఇచ్చి దాని మీద హామ్ ముక్కలు చల్లే దేశం ఇది, కాబట్టి పులిహోర డబ్బా ఒకటి సంచిలో ఉండడం మంచిది. పార్కులో కూర్చుని తినొచ్చు. అక్కడి గులాబీరంగు బిస్కెట్లు అందరికీ నచ్చుతాయి కానీ వాటిలో గుడ్డు ఉంటుంది, మామగారికి ముందే చెప్పండి. సెల్లార్ టూరు మధ్యాహ్నం రెండున్నరకో మూడింటికో పెట్టుకోండి. గంట, గంటన్నర పడుతుంది. సాయంత్రం ఆరింటి రైలుకి తీరిగ్గా వచ్చేస్తారు.

టూరు ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. ఇంగ్లీషు టూర్లు రోజుకి కొన్నే ఉంటాయి, ఏప్రిల్ నుంచి త్వరగా నిండిపోతాయి. ఒక గ్లాసుతో ఉండే మామూలు టూరుకి మనిషికి 30 యూరోలు అటూ ఇటూ అనుకోండి, పాత సంవత్సరాల సీసాలు రుచి చూపించే టూర్లు 100 దాటతాయి. మొదటిసారికి మామూలుదే చాలు. ఇంకోటి, టైముకి పది నిమిషాల ముందే ఉండండి. ఒకసారి టాక్సీ దొరక్క మేము పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాం. గుంపు కిందికి దిగిపోయింది, వెనకాల పంపడం కుదరదన్నారు, డబ్బులూ తిరిగివ్వలేదు. అయిదుగురం. ఆ హౌసు పేరు చెప్పను, తప్పు మాదే. మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ ఆ లేబుల్ కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు.

బట్టల సంగతి. అత్తగారికి స్వెటరు, శాలువా, సాక్సులు, రబ్బరు అడుగున్న బూట్లు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోమనండి, నేల తడి.

రుచి చూసే దగ్గర మామగారికి ఇబ్బందేమీ ఉండదు. వద్దంటే బలవంతం చెయ్యరు. ముందుగా చెప్తే కొన్ని చోట్ల ద్రాక్షరసం ఇస్తారు. ఆయన వాటా గ్లాసు మీవారి చేతికి చేరకుండా చూసుకోవడం మీ పని. తాగేవాళ్ళకి ఒక చిన్న మాట: గ్లాసు కాడ పట్టుకోవాలి, గిన్నె పట్టుకుంటే చెయ్యి వేడికి చల్లదనం పోతుంది. మొదటి గుక్క కాసేపు నోట్లో ఉంచండి. పుల్లగా అనిపిస్తుంది, నిమ్మకాయ సోడా అలవాటైన మనకి మొదట్లో "ఇంతేనా" అనిపిస్తుంది. రెండో గుక్కకి తేడా తెలుస్తుంది. నచ్చకపోతే పక్కనున్న గిన్నెలో ఉమ్మేయొచ్చు, అక్కడ అది మర్యాదే.

ఓపిక, ఇంకో రోజు ఉంటే పెద్ద హౌసు కాకుండా రైతు ఇంటికి వెళ్ళండి. సీసా లేబుల్ అడుగున చీమంత అక్షరాల్లో రెండు ఇంగ్లీషక్షరాలుంటాయి. ఎన్ ఎమ్ అంటే బయట ద్రాక్ష కూడా కొని చేసే హౌసు. ఆర్ ఎమ్ అంటే తన తోటలో పండించి తానే చేసే రైతు. ఆర్ ఎమ్ ఇంటికి ఫోన్ చేసి వెళ్తే ఆయనే తలుపు తీస్తాడు, ఆయన భార్యే గ్లాసులు తెస్తుంది, సుద్ద గోపురాలేమీ ఉండవు. మామగారు వ్యవసాయం తెలిసిన మనిషైతే ఎకరానికి ఎంత దిగుబడి, కూలి ఎంత అని మొదలెడతారు. ఇక మీకు సాయంత్రం దాకా అనువాదమే పని.

కొనుక్కునే సంగతి. అక్కడి దుకాణంలో ధర పారిస్ కంటే తక్కువేమీ కాదు. బయట దొరకని రకాలైతేనే కొనండి. ఇండియాకి తీసుకెళ్ళాలంటే మనిషికి 2 లీటర్ల మద్యం దాకా కస్టమ్స్ సుంకం లేదు. సీసా 750 మిల్లీలీటర్లు, అంటే రెండు సీసాలకి లెక్క సరిపోతుంది, మూడోది దాటిపోతుంది. చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. నిండు సీసా కిలో ఆరువందల గ్రాములు తూగుతుంది, ఆవకాయ సీసాలు ఖాళీ అయిన చోట సరిపోతుంది. పాత లుంగీలో చుట్టి బట్టల మధ్యన పెడితే ఇప్పటిదాకా నాకు ఒక్కటీ పగల్లేదు. అత్తమామలిద్దరి లెక్కా కలిపితే నాలుగు సీసాలు పడతాయి. కానీ మామగారి పెట్టెలో పెట్టే ముందు ఆయన్ని ఒక మాట అడగండి.